నది ఒడ్డున ఏ చెట్టు? ముందు ఏ మెట్టో చెప్పండి

నది ఒడ్డున అడవి పెంచుదామని ఎవరికైనా బుద్ధి పుట్టిందనుకోండి, మొదటి ఫోన్ నర్సరీకి వెళ్తుంది. ఏం మొక్కలున్నాయి, ఎన్నున్నాయి, లారీ ఎప్పుడు పంపిస్తారు. నర్సరీలో కానుగ ఉంటుంది, వేప ఉంటుంది, టేకు స్టంపులు, అంటే నాటడానికి కోసిన వేరు మొదళ్లు, ఉంటాయి, అదృష్టం బాగుంటే నేరేడు కూడా ఉంటుంది. ఆ ఉన్నవే ఒడ్డుకొస్తాయి, తాడు పట్టి వరసగా గుంతలు తవ్వి నాటేస్తారు, బ్యానర్ కట్టి ఫొటో దిగుతారు. ఆగస్టులో వరదొచ్చి కొన్నిటిని పట్టుకుపోతుంది, మిగిలినవాటిలో చాలావరకు మే నెల ఎండకు పోతాయి. మళ్లీ ఏడాది అదే నర్సరీకి అదే ఫోన్.

ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. 2017 జూలై 2న మధ్యప్రదేశ్ ప్రభుత్వం నర్మద పరీవాహక ప్రాంతంలో 12 గంటల్లో 6 కోట్లకు పైగా మొక్కలు నాటామని ప్రకటించింది. పన్నెండు గంటల్లో అన్ని మొక్కలు నాటే పనిలో ఏ మొక్క ఎక్కడ అన్న ప్రశ్నకు చోటెక్కడుంటుంది? 2022 మార్చిలో కేంద్రం గోదావరి, కృష్ణలతో కలిపి 13 నదుల కోసం అటవీ పనుల ప్రణాళికలు విడుదల చేసింది, అంచనా ఖర్చు 19,342 కోట్ల రూపాయల పైమాటే. ఆ ప్రణాళికలు అడవి, పొలం, ఊరు అని నదీతీరాన్ని మూడు రకాలుగా విడదీసి చూశాయి, అంతవరకు మంచిదే. కానీ కాగితం మీద ఎంత బాగా విడదీసినా చివరికి గుంతలో పడేది నర్సరీ సంచిలో ఉన్న మొక్కే.

ఇప్పుడు అందరూ 'స్థానిక జాతులే నాటాలి' అంటున్నారు. రోడ్ల పక్కన విరివిగా నాటాక ఇబ్బందులు తెచ్చిందన్న విదేశీ మొక్క కోనోకార్పస్ అనుభవం అయ్యాక ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తోంది, గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నిషేధించింది కూడా. తమాషా ఏమిటంటే కోనోకార్పస్ జాతి చెట్లు వాటి సొంత ఊళ్లలో నీటి అంచున పెరిగేవే, ఒక రకం అమెరికా తీరాల్లో మడ అడవుల పక్కన, ఇంకోటి సోమాలియా వాగుల వెంట. అంటే ప్రతి చెట్టుకీ ఒక ఊరుంది, ఆ ఊళ్లో ఒక వీధి కూడా ఉంది. మనం ఊరు దాకా వచ్చి ఆగిపోతున్నాం, చెట్టు వీధి అడగడం లేదు. వేప మనదే, కాదనేవాళ్లు లేరు. కానీ ఏటా పది రోజులు నీళ్లు నిలిచే బంకమట్టి ఒడ్డులో వేప నాటితే, అది స్థానికమైనంత మాత్రాన బతకదు. నీళ్లు నిలవడం వేపకు అస్సలు పడదు.

ఇంతకీ స్థానికం అంటే ఏది? చింతచెట్టు కంటే మనదైన చెట్టు ఉందా అంటే, అది ఆఫ్రికా నుంచి వచ్చింది. ఎప్పుడో వేల ఏళ్ల కిందట వచ్చి మన చారులో కలిసిపోయింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఒడ్డు పైభాగాన చింత నాటుతానంటే, ఇది ఆఫ్రికాది అని ఎవరైనా అడ్డుపడితే అది చాదస్తమే. బయటి నుంచి వచ్చిన చెట్టు దానంతట అది ఒడ్డంతా ఆక్రమిస్తోందా లేదా అన్నదే అసలు చూడాల్సింది. చింత అలా చేయలేదు.

చేసింది సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాన్ని కడప జిల్లా కమలాపురంలో నాటారు, వంటచెరుకు కోసం, ఎండిన నేలల్ని పచ్చగా చేయడం కోసం. కమలాపురం పాపాగ్ని ఒడ్డున ఉంది, అక్కడికి దగ్గరలోనే పాపాగ్ని పెన్నలో కలుస్తుంది. ఇవాళ పెన్న వెంట వెళ్తే నీళ్లు పారాల్సిన ఇసుకలో కంపచెట్లు నిలబడి కనిపిస్తాయి. కాయలు తియ్యగా ఉంటాయి, మేకలూ గొర్రెలూ తింటాయి, విత్తనం అరక్కుండా పేడలో బయటికొస్తుంది, అక్కడే మొలుస్తుంది. నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలేసుకుని మళ్లీ లేస్తుంది. దాన్ని వేళ్లతో సహా పీకకుండా పక్కన కానుగ నాటితే కానుగే ఓడిపోతుంది. అలాగని ఒడ్డు మొత్తం జేసీబీ పెట్టి ఒక్కసారిగా చదును చేసినా తప్పే, ఎందుకంటే అప్పటికి ఆ మట్టిని పట్టుకుని ఉన్నది ఆ కంప వేళ్లే. కొద్దికొద్దిగా తీయాలి, తీసినచోట వెంటనే గడ్డి వెయ్యాలి, ఆ తర్వాతే చెట్టు. పని నెమ్మదిగా సాగుతుంది, బిల్లు పెట్టుకోవడానికి అనువైన పని కూడా కాదు.

ఇక అసలు విషయం, మెట్లు, అంటే వరద నీళ్లు ఎంతవరకు వస్తాయన్నదాన్నిబట్టి ఒడ్డు వాలును కింది, నడిమి, పై భాగాలుగా విడదీసుకోవడం. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది, 1986లో అయితే 75 కూడా దాటింది. అదే చోట వేసవిలో ఇసుక తిన్నెలు తేలతాయి. ఇంత ఎత్తు తేడా ఉన్న వాలు మీద కింద నుంచి పై దాకా ఒకే రకం మొక్క నాటడమంటే, ఇంటి పునాదికీ పైకప్పుకీ ఒకే సామాను వాడినట్టు. కిందనున్న మొక్క ఏటా వారాల తరబడి మునుగుతుంది, పైనున్నది పదేళ్లకోసారి మునుగుతుందో లేదో, కానీ ఏటా నాలుగు నెలలు నీటికి అల్లాడుతుంది.

ఏ మెట్టు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోడానికి సర్వే మెషిన్ ఏమీ అక్కర్లేదు. ఏప్రిల్‌లో ఒడ్డు దిగి, మిగిలి ఉన్న పాత చెట్ల పంగల్లోకి చూడాలి. ఎండిన రెల్లు పరకలు, చిరిగిన ప్లాస్టిక్ కవర్లు, పాత బట్ట పీలికలు, ఒక చెప్పు, అన్నీ నీళ్లు పారిన వైపుకు దువ్వినట్టుగా చుట్టుకుని ఉంటాయి. అదే పోయిన వానాకాలం వరద గీత. మనిషి నడుము ఎత్తులో ఉంటే ఒక లెక్క, తల మీద రెండు నిలువుల ఎత్తున ఉంటే ఇంకో లెక్క. దాని కింద మట్టి పట్టి చూస్తే, ఇసుకా ఒండ్రా బంకా అన్నది వేళ్లకే తెలిసిపోతుంది. పక్కనే పశువులు కాసుకునే ముసలాయన్ని అడిగితే ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చిందో, అప్పట్లో అక్కడ ఏ చెట్లుండేవో చెప్తాడు. ఈ ఒక్క పూట పని చేయకుండా తయారయ్యే జాతుల జాబితా ఎంత పొడుగున్నా దండగే.

అన్నిటికంటే కింది మెట్టులో, అంటే ఏటా తప్పకుండా మునిగేచోట, పెద్ద చెట్టు నాటాలన్న ఆశే పెట్టుకోకూడదు. అక్కడ వరద కొట్టినప్పుడు వంగి మళ్లీ లేచేవి కావాలి. రెల్లు, వట్టివేరు, కాస్త పైన వావిలి పొదలు. రెల్లును పనికిరాని గడ్డి అని తగలబెట్టేస్తుంటారు గానీ, కొత్తగా పడిన ఇసుకను మొదట పట్టుకునేది అదే. గోదావరి లంకల్లో వానలు వెనకబట్టాక తెల్లగా పూసి కనిపించే ఆ గడ్డి లేకపోతే చాలా తిన్నెలు మరుసటి వరదకే జాగా మార్చేస్తాయి. చెట్టులాంటిది ఉండాల్సిందే అంటే ఏటిపాల ఉంది, పేరులోనే ఏరు ఉంది, లావుపాటి కొమ్మ ముక్క తడి ఇసుకలో గుచ్చినా వేరు పోసుకునే రకం. ఇంకోటి కణపు. ఎర్రటి పూలు పొడుగాటి దండల్లా వేలాడుతూ రాత్రి విచ్చి తెల్లారేసరికి నీళ్ల మీద రాలిపోయే చెట్టు, చెరువుల అంచున ఎప్పుడో చూసే ఉంటారు. దీని ఓపిక ఎంతో తెలియాలంటే బంగ్లాదేశ్ సిల్హెట్ వైపు చూడాలి. అక్కడి హావోర్లలో, అంటే వానాకాలమంతా సముద్రంలా మారిపోయే పల్లపు నేలల్లో, నెలల తరబడి నీళ్లలో నిలబడేవి హిజోల్, కొరోచ్ అనే రెండు చెట్లు. హిజోల్ అంటే మన కణపు, కొరోచ్ అంటే మన కానుగ. మన నర్సరీల్లో కానుగ లక్షల్లో దొరుకుతుంది, కణపు మాత్రం అడిగినా దొరకదు. రోడ్డు పక్కన నాటడానికి పనికిరాదని ఎవరూ పెంచరు, అంతే.

నడిమెట్టు గురించే ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే నది ఒడ్డు అడవి అని మనం అనుకునేది నిజానికి ఇదే. ఇక్కడి పెద్దమనిషి తెల్లమద్ది. దీనికి ఏరుమద్ది అన్న పేరు కూడా ఉంది, అంటే ఎక్కడ నాటాలో మన పూర్వీకులు పేరులోనే రాసి పెట్టారు. వినాయక చవితి పత్రిలో అర్జున పత్రం అని పూజ చేసేది దీని ఆకుతోనే, అదే పత్రిలో సింధువార పత్రం అంటే వావిలి. పండగ సరిగ్గా వరదల కాలంలోనే వస్తుంది. ఆ ఆకుల కోసం ఏటిగట్టుకు వెళ్లే రోజులు పోయి మార్కెట్లో కట్టలు కొనే రోజులొచ్చాక, మద్దికీ మామూలు చెట్టుకీ తేడా తెలియని తరం వచ్చేసింది. చెట్టు దగ్గరికి వెళ్తే గుర్తుపట్టడం చాలా తేలిక. మొదలు దగ్గర పలకలు తేలి, బూడిద తెలుపు బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి, కింద నున్నగా లేత రంగు కనిపిస్తుంది. కాయకు అయిదు రెక్కలుంటాయి, చేతిలో పట్టుకుంటే చెక్కతో చేసిన బుల్లి మరచక్రంలా ఉంటుంది. ఆ కాయ నీళ్లలో తేలుతుంది, వరద దాన్ని మోసుకెళ్లి ఎక్కడ ఒడ్డుకు కొడితే అక్కడ మొలుస్తుంది. వేళ్లు ఒడ్డు కోసుకుపోయినచోట బయటపడి కూడా మట్టిని పిడికిలిలో పట్టినట్టు పట్టుకుని ఉంటాయి.

మద్దికి ఇంకో ఉపయోగం ఉంది, అది లెక్కలోకి తీసుకుంటే రైతుల్ని ఒప్పించడం కొంత సులువవుతుంది. దసలి (టసర్) పట్టుపురుగు మన దగ్గర ముఖ్యంగా తినేది మద్ది ఆకే, తెల్లమద్దీ నల్లమద్దీ రెండూ. గోదావరి వెంట మహదేవపూర్, చెన్నూరు వైపు దసలి పట్టు పెంపకం తరాల నుంచీ ఉంది. అక్కడ మద్ది నాటండి అంటే ఎందుకు అని ఎవరూ అడగరు. కోనసీమ లంకల్లో అదే మాట అంటే అరటి మీద నీడ పడుతుందని గొడవకొస్తారు, వాళ్ల బాధలో తప్పేమీ లేదు. అక్కడ గట్టు అంచున కానుగ, వెదురు అంటే బేరానికి వస్తారు. కానుగ రొట్ట వరి పొలానికి ఎరువు, పశువులు దాన్ని పెద్దగా ముట్టవు కాబట్టి కంచె ఖర్చు కూడా తగ్గుతుంది.

మద్ది పక్కన నేరేడు, మేడి ఉండి తీరాలి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులని మనం తరతరాలుగా ఎగతాళి చేస్తూ వచ్చాం గానీ, ఆ పురుగుల్లో ముఖ్యమైనవి చీమంత కూడా ఉండని కందిరీగలు, అవి లేకపోతే మేడికి విత్తనమే లేదు. మేడి ఏడాదిలో చాలాసార్లు కాస్తుంది, ఎండాకాలంలో ఇంకేమీ దొరకనప్పుడు కూడా పిట్టలకూ గబ్బిలాలకూ కోతులకూ తిండి పెడుతుంది. తిండికి వచ్చినవి ఊరికే రావు, వేరే చెట్ల విత్తనాలు మోసుకొచ్చి ఆ చెట్టు కిందే వదులుతాయి. నాటే మొక్కల్లో మేడి, జువ్వి, రావి లాంటివి కొన్ని కలిపితే, మనం నాటని జాతులు కూడా కొన్నేళ్లకు వాటంతటవే రావడం మొదలవుతుంది. పని సగం పిట్టలకు అప్పజెప్పినట్టు. ఎకరాకు వేల మొక్కలు కుక్కే పద్ధతి నగరం మధ్య ఖాళీ స్థలంలో బాగానే ఉండొచ్చు, నది ఒడ్డున మాత్రం దూరం దూరంగా గుంపులు నాటి మధ్యలో ఖాళీ వదిలేయడమే నయం. ఆ ఖాళీల్లోకి నది ఏదో ఒకటి తెస్తుంది.

పై మెట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అది మామూలు పొడి అడవే. ఇప్ప, వేప, మర్రి, చింత, అన్నీ కుదురుతాయి. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. వెదురు అనగానే ఒకటే అనుకోవద్దు, వాగు అంచున తడి నేలలో పెరిగేది ముళ్ల వెదురు, గట్టిగా ఉండే సాధన వెదురు పొడి వాలు మీదిది. రెండోది టేకు. టేకు మన అడవి చెట్టే, జాబితాలో ఉండటానికి దానికి అన్ని అర్హతలూ ఉన్నాయి. కానీ టేకు ఒక్కటే వరసగా నాటిన వాలు మీద వాన పడినప్పుడు చూడండి. వెడల్పాటి ఆకు మీద చినుకులు చేరి లావుపాటి బొట్లుగా కిందికి జారతాయి, కింద గడ్డీ పొదా లేకపోతే ఆ బొట్టు పడ్డచోటల్లా మట్టి లేచిపోతుంది. కలప కోసం టేకు నాటుకుంటే నాటుకోవచ్చు, దాన్ని నది రక్షణ ఖాతాలో రాయడమే బాగోదు. జామాయిల్, సుబాబుల్ సంగతీ అంతే. కాగితం మిల్లుకు అమ్ముకునే పంట అది, నాలుగేళ్లకోసారి నరికేదాన్ని అడవి అనడం కుదరదు.

ఇదంతా మామూలుగా పారే నదికి. బ్యారేజీ వెనక నీళ్లు ఏడాది పొడుగునా నిలిచే చోట కథ మారిపోతుంది. మద్ది వరదను తట్టుకుంటుంది, కానీ వరద అంటే వచ్చి పోవాలి. వేసవిలో కూడా వేళ్లకు గాలి ఆడకుండా నీళ్లలోనే ఉంచితే అదీ చస్తుంది. అలాంటిచోట పాత నది ఒడ్డు చెట్ల జాబితా పట్టుకుని పాత గట్టు మీదే నాటితే లాభం లేదు, కొత్త నీటి అంచు ఎక్కడుందో అక్కడి నుంచి మెట్లు మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకోవాలి. వాన తక్కువ పడే పెన్న వైపు ఇంకో సమస్య, అక్కడ వరద కంటే దాహం ఎక్కువ. నేరేడు, మద్ది ఊట ఉన్న వాగుల దగ్గరే నిలుస్తాయి, మిగతాచోట్ల ఈత, నల్లతుమ్మ, కానుగ, వావిలి లాంటి మొండివే దిక్కు.

సముద్రం దగ్గరికొచ్చేసరికి చెట్టు కంటే నీళ్లే ముఖ్యమని కోరంగి చూపిస్తుంది. గోదావరి ముఖద్వారంలో పాడైన మడ అడవిని బాగుచేసే పనిలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఊరివాళ్లతో కలిసి మొదట చేసింది మొక్కలు నాటడం కాదు, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వడం. ఆటుపోటు నీళ్లు రాక, నేలలో ఉప్పు పేరుకుపోయి మడ చచ్చిపోయింది. నీళ్లు వచ్చిపోయే దారి ఏర్పడ్డాక నేల మారింది, ఆ తర్వాత కాలువల వెంట నాటిన తెల్లమడ నిలబడింది. నీటి దారి తెరవకుండా ఎన్ని మొక్కలు గుచ్చినా మళ్లీ ఎండేవి.

సరే, మెట్టు తెలిసింది, చెట్టు తెలిసింది. మొక్క ఎక్కడిది? చాలా పథకాలు దెబ్బ తినేది ఇక్కడే, బయటికి కనిపించదు. నేరేడు పండు జూన్ ప్రాంతంలో వస్తుంది, గింజ ఎండిపోతే రెండు మూడు వారాల్లో మొలిచే శక్తి పోతుంది. కాబట్టి తిన్న వెంటనే కడిగి సంచిలో పెట్టాల్సిందే, టెండర్ పిలిచి ఆగస్టులో గింజలు కొంటే అవి గింజలు కావు, గులకరాళ్లు. మద్ది కాయలు వేసవిలో రాలతాయి, రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి వేసుకోవాలి. ఇవన్నీ మొక్కలై, మోకాలి ఎత్తు కాదు, కనీసం నడుము ఎత్తుకు వచ్చాక నాటాలంటే ఏడాది ముందు నుంచే పని మొదలవ్వాలి. బడ్జెట్ ఏప్రిల్‌లో విడుదలై జూలైలో నాటాలంటే దొరికేది మళ్లీ ఆ కానుగ, వేప, టేకే. పైగా గింజలన్నీ ఆఫీసు కాంపౌండ్‌లో ఉన్న ఒక్క చెట్టు కింద ఏరితే, రేపటి అడవంతా ఒకే తల్లి పిల్లలు. అదే నది వెంట పది పాతిక చెట్ల దగ్గర కొంచెం కొంచెం ఏరుకోవడం కష్టమేమీ కాదు, కాకపోతే కాళ్లకు పని.

జూలై అంటే గుర్తొచ్చింది, ఈ వన మహోత్సవం తేదీ కూడా నది ఒడ్డుకు సరిపోదు. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ దీన్ని జూలై మొదటివారంలో మొదలుపెట్టారు, వాన మీద ఆధారపడే మెట్టనేలకు అది సరైన కాలం. గోదావరి పెద్ద వరదలు జూలై, ఆగస్టు, సెప్టెంబర్లలోనే వస్తాయి. పై మెట్టులో జూలైలో నాటండి, ఇబ్బంది లేదు. కింది మెట్టులో, నడిమెట్టు కింది భాగంలో జూలైలో నాటిన మొక్క వేరు పట్టకముందే వరద చూస్తుంది. అక్కడ నీళ్లు దిగిపోయి ఒండ్రు ఇంకా తడిగా ఉన్న అక్టోబర్, నవంబర్లలో నాటితే, మళ్లీ వరద వచ్చేలోపు దానికి ఎనిమిది నెలలు దొరుకుతాయి. మధ్యలో ఒక ఎండాకాలం ఉంటుంది, ఆ ఒక్కటీ నీళ్లు మోయాలి. నది పక్కనే ఉంటుంది కాబట్టి మోత దూరం తక్కువే, మనిషిని పెట్టి కూలి ఇవ్వాలి, అంతే. ఫొటోలకు మాత్రం నవంబర్‌లో మంత్రులెవరూ రారు.

ఇంకో చిన్న పని ఉంది, గుంతలు తవ్వడానికి ముందు చేయాల్సింది. వరద దిగాక ఒడ్డున చెత్త వదిలిన గీత వెంట రెండు మూడు కిలోమీటర్లు నడవాలి. పాత మద్ది చెట్లు ఎగువన ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ రెల్లు చెత్తలో అయిదు రెక్కల కాయలు చిక్కుకుని కనిపిస్తాయి, మరుసటి వానకు అదే గీత వెంట రెండాకుల మొలకలు లేస్తాయి, కానుగ మొలకలు కూడా అక్కడక్కడా ఉంటాయి. ఎవరూ నాటనివి, సరిగ్గా వాటి మెట్టులోనే లేచినవి. వేసవి దాకా మేకలూ రెల్లు మంటలూ వాటిని ఉండనివ్వవు. ఆ గీత చుట్టూ ముళ్లకంప అడ్డం పెట్టి రెండేళ్లు ఒక మనిషిని కాపలా ఉంచడానికయ్యే ఖర్చెంతో, లారీలో మొక్కలు తెప్పించడానికయ్యే ఖర్చెంతో ముందు లెక్క వేయాలి. మొలకలు లేని చోటికే నర్సరీ ఫోన్ నంబర్ కావాలి.